గులాబీరంగు కోడిపిల్ల

మూడేళ్ల కిందటి శివరాత్రి తిరునాళ్లలో మావాడు రంగులరాట్నం వైపు కూడా చూడలేదు. ఓ గంప దగ్గర గొంతుక్కూర్చున్నాడు. గంప మీద వల, వల కింద గులాబీ, పచ్చ, నీలం, నారింజ రంగుల్లో కోడిపిల్లలు. ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ, కిచకిచలాడుతూ ఉన్నాయి. ఒక్కోటి ఇరవై రూపాయలు. ‘రెండు కొనమ్మా, ఒక్కటే అయితే బెంగపెట్టుకుంటుంది’ అన్నాడు. వాడికప్పుడు ఎనిమిదేళ్లు. వాడన్నది ఎంత నిజమో నాకు తర్వాత తెలిసింది. ఒక గులాబీపిల్ల, ఒక పచ్చపిల్ల కొన్నాం. చిల్లులు పొడిచిన కాగితం సంచిలో పెట్టి ఇచ్చాడు గంపాయన.

విజయవాడలో మా ఫ్లాటు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటింది. చెప్పుల అట్టపెట్టెలో న్యూస్‌పేపరు పరిచి రెండింటినీ వదిలాను. చలేస్తుందేమోనని మావాడు చదువుకునే బల్ల మీది లైటు తెచ్చి పెట్టె మీదికి వంచాను. చిన్న గిన్నెలో నీళ్లు, పక్కన గుప్పెడు బియ్యం పెట్టాను. చాలాసేపు గట్టిగా అరిచాయి. కొత్తచోటు కదా, అవే సర్దుకుంటాయని పడుకున్నాం. తెల్లారి చూస్తే పచ్చపిల్ల చనిపోయి ఉంది. గులాబీపిల్ల దాని ఒంటికి ఆనుకుని, కళ్లు మూసుకుని, ముడుచుకుని కూర్చుంది.

అమ్మకి వీడియోకాల్ చేశాను. అమ్మ ఉండేది తణుకు దగ్గర పల్లెలో. పెరట్లో ఎప్పుడూ పదీ పదిహేను నాటుకోళ్లు తిరుగుతుంటాయి.

‘‘ఆ లైటు కింద చెయ్యి పెట్టి చూడవే’’ అంది.

పెట్టాను.

‘‘వెచ్చగా ఉందా?’’

లేదు. అది ఎల్‌ఈడీ లైటు. గంటలకొద్దీ వెలిగినా పెట్టె వెచ్చబడదు.

‘‘వెలుగు పెట్టావే గానీ పిల్లకి వేడెక్కడిదే? ముందు దాన్ని గుడ్డలో చుట్టి నీ ఒళ్లో పెట్టుకో. తర్వాత మాట్లాడదాం’’ అంది అమ్మ.

పచ్చపిల్లకి రోగం లేదు. చలికి పోయింది. వచ్చిన మొదటి రాత్రే ఇలా పోయే పిల్లలు ఎన్ని ఇళ్లలో ఉంటాయో! తిరునాళ్ల నుంచి, సంత నుంచి, బడి ముందు నుంచి పిల్లలు కోడిపిల్లల్ని తెస్తూనే ఉంటారు. అలా తెచ్చిన ఇంట్లో ఆ రాత్రి నాకు తెలియనిది తెలియాలని ఇది రాస్తున్నాను.

తల్లి రెక్క కింద ఎంత వేడి?

గుడ్డు పిల్లవడానికి 21 రోజులు. బయటికొచ్చిన పిల్లకి ఒంటి మీద ఉండేది నూగే, ఈకలు కావు. తన ఒంటి వేడిని తాను నిలుపుకోవడం మొదటి వారాల్లో దానికి చేతకాదు. అందుకే తల్లికోడి మధ్యమధ్య కూర్చుని రెక్కలు విప్పుతుంది, పిల్లలు దూరతాయి. కాసేపు కాచుకుని మళ్లీ మేతకి పరుగెడతాయి. ఆ రెక్క లేనప్పుడు దాని పని మనం చెయ్యాలి.

మొదటి వారం పిల్ల ఉండేచోట 35 డిగ్రీల సెల్సియస్ వేడి ఉండాలి. ఆ తర్వాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ వెళ్లాలి. ఐదారు వారాలకి ఒళ్లంతా ఈకలొచ్చేస్తాయి, ఇక మన ఎండల్లో దానికి వేడి పెట్టే అవసరం ఉండదు. ఆ ఉదయమే కరెంటు సామాన్ల దుకాణానికి వెళ్లి పాతకాలం ఫిలమెంటు బల్బు, 60 వాట్లది, వెతికించి తెచ్చాను. టీవీ వచ్చిన పెద్ద అట్టపెట్టె తీసి, ఒక మూలకి బల్బు వేలాడదీశాం. మూలకే ఎందుకంటే, వేడెక్కువైతే పిల్ల అవతలి మూలకి వెళ్లాలి గనక. బల్బుని తీగతో రెండుచోట్ల కట్టండి. తెగి ఊకలో పడిందంటే ఇల్లే అంటుకుంటుంది. కరెంటు పోతే? సీసాలో వేడినీళ్లు పోసి, మందపాటి గుడ్డ చుట్టి పెట్టెలో పెడితే పిల్ల దాన్నే ఆనుకుని కూర్చుంటుంది.

పిల్ల ఎత్తులో థర్మామీటరు పెట్టాను గానీ, రెండు రోజులకి దాన్ని చూడటం మానేశాను. పిల్లే చెప్పేస్తుంది. బల్బు కిందే నక్కి, ఆగకుండా సూదిలాంటి గొంతుతో అరుస్తుంటే చలేస్తోందని. దూరంగా జరిగి, నోరు తెరిచి రెక్కలు వేలాడేస్తే ఉడికిపోతోందని. పెట్టెంతా తిరుగుతూ, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు సన్నగా కిచకిచమంటుంటే హాయిగా ఉందని. ఆ మొదటి రాత్రి విన్న అరుపుకి అర్థం తెలిసి ఉంటే మేం పడుకునేవాళ్లం కాదు.

వేసవిలో తెచ్చుకున్నవాళ్లకి ఒక మాట. మే నెల పగలు బల్బే అక్కర్లేదు, దాహమే అసలు సమస్య. కానీ చాలామంది ముచ్చటపడి పిల్లని ఏసీ గదిలో పెట్టుకుంటారు. అది మాత్రం చెయ్యకండి.

ఆ పెట్టెలో న్యూస్‌పేపరు వేయడం నేను చేసిన రెండో తప్పు. నున్నటి కాగితం మీద లేత కాళ్లు జారి, రెండూ చెరో పక్కకి చాపుకుపోతాయి. ఒకసారి అలా వంకరపోతే నిలబెట్టడం కష్టం. మూడు నాలుగు రోజులు గరుకుగా ఉండే పాత తువ్వాలు, ఆ తర్వాత రెండంగుళాల మందాన వరిఊక వేస్తే చాలు. ఊక తడిస్తే వెంటనే మార్చాలి.

గంపలోకి ఎక్కణ్నుంచి వచ్చాయి?

‘‘అవి ఫారం పుంజులే తల్లీ’’ అంది అమ్మ, మావాడు గులాబీపిల్లని ఫోనుకి చూపిస్తే. రంగు కడిగితే ఏముంటుందో చూడకుండానే చెప్పేసింది.

గుడ్ల కోసం పెంచే లేయర్ కోళ్లు వేరు, మాంసం కోసం పెంచే బ్రాయిలర్లు వేరు. దేశంలో గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం, తెలంగాణ కూడా ముందువరసలోనే ఉంది. అన్ని గుడ్లు కావాలంటే అన్ని లేయర్ పెట్టలు కావాలి. అవి హ్యాచరీల్లో పుడతాయి. పుట్టేవాటిలో సగం పుంజులే. పుంజు గుడ్డు పెట్టదు. బ్రాయిలర్‌లా కండ పట్టదు, అంచేత మేత ఖర్చు కూడా రాదు. మొదటిరోజే పెట్టల్ని ఏరి ఫారాలకి పంపేస్తారు. మిగిలిన పుంజుపిల్లలు కొనేవాళ్లు లేక కారుచౌకగా వెళ్లిపోతాయి. వాటికే రంగులద్ది గంపల్లోకి ఎక్కిస్తారు. ప్రపంచంలో చాలాచోట్ల ఇలాంటి పిల్లల్ని పుట్టినరోజే చంపేస్తారు. జర్మనీ 2022 జనవరి 1 నుంచి దాన్ని చట్టం చేసి ఆపింది. అక్కడిప్పుడు గుడ్డులో ఉండగానే ఆడో మగో తేల్చే పద్ధతులు వాడుతున్నారు.

పుట్టిన పిల్ల మేత లేకుండా ఇంతదూరం ఎలా వస్తుందని నాకు అనుమానం వచ్చింది. గుడ్డులోంచి బయటికొచ్చే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనని పొట్టలోకి లాక్కుంటుంది. ఆ సద్దిమూటతో రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు గడిపేస్తుంది. తల్లికోడి గూట్లో మొదట పిల్లయినవి, మిగతా గుడ్లు కూడా పిల్లలయ్యేదాకా ఆకలికి పోకుండా ఉండటానికి ప్రకృతి పెట్టిన ఏర్పాటది. దాన్ని ఆసరా చేసుకునే మనం ఒకరోజు పిల్లల్ని ఊళ్లు దాటిస్తున్నాం. గంపలో పిల్ల చేతికొచ్చేసరికి ఆ మూట ఖాళీ అయిపోవచ్చిందని గుర్తుపెట్టుకోవాలి.

రంగు పిల్లల్ని నేను మళ్లీ కొనను. కొనేవాళ్లున్నంత కాలం ఆ గంప వస్తుంది. కానీ ఇప్పటికే ఇంటికొచ్చిన పిల్లకి ఆ వాదన పనికిరాదు, దానికి బతుకు కావాలి.

ఇది ఏ పిల్ల?

సంతలో కొన్నవాళ్లకి, ఎవరో ఇస్తే తెచ్చుకున్నవాళ్లకి మొదట వచ్చే ప్రశ్న ఇదే. అసలు కోడిపిల్లేనా అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. వేళ్ల మధ్య పొర, ముక్కు వెడల్పు ఉంటే బాతుపిల్ల. బొటనవేలంతే ఉండి ఏడెనిమిది గ్రాములే తూగితే కౌజుపిట్ట పిల్ల. కోడిపిల్ల పుట్టినరోజు 35, 40 గ్రాములుంటుంది. తల మీద ముదురు చారలు, నారింజరంగు కాళ్లు ఉంటే గిన్నికోడి పిల్ల కావచ్చు.

కోడిపిల్లేనని తేలాక కాళ్లు చూడండి. పసుపు నూగు, సన్నటి కాళ్లు, పట్టుకుంటే జారిపోయే చురుకు ఉంటే లేయర్ పిల్ల. పసుపే గానీ కాళ్లు బొద్దుగా, ఛాతీ వెడల్పుగా ఉండి, తిని కూర్చునేదైతే బ్రాయిలర్. వారంలో నాలుగింతలవుతుంది, నలభై రోజులకి రెండు కిలోలు దాటుతుంది. అంత వేగంగా పెరిగే ఒంటిని కాళ్లు, గుండె మోయలేవు. బ్రాయిలర్‌ని పెంపుడు కోడిగా చాలాకాలం బతికించుకోవడం కష్టమని ముందే తెలిసి ఉండటం మంచిది. గోధుమరంగు ఒంటి మీద వీపు పొడవునా ముదురు చారలుంటే ఎక్కువగా నాటుపిల్లలే. ముక్కు, కాళ్లు, చర్మం కూడా నల్లగా ఉంటే కడక్‌నాథ్. పెరటికోళ్లుగా ఇచ్చే వనరాజా, గ్రామప్రియ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌లో తయారైనవి. వాటి పిల్లలు రకరకాల రంగుల్లో ఉంటాయి, రంగు చూసి పోల్చుకోవడం కుదరదు, కొన్నచోట అడగడమే దారి. ఇక డేగ, కాకి, నెమలి, సేతువ అని మనవాళ్లు చెప్పే పుంజుల రంగులు ఈకలొచ్చాక తేలేవి. నూగు మీద ఎవరైనా చెబితే నమ్మి డబ్బు పెట్టకండి.

అద్దిన రంగుకి చింత అక్కర్లేదు. మా పిల్ల మెడ దగ్గర నూగు మీద మెల్లగా ఊదితే అడుగున పసుపు కనిపించింది. నూగు రాలి ఈకలొచ్చేకొద్దీ రంగూ పోతుంది. దాన్ని కడగాలని మాత్రం చూడొద్దు, తడిసిన పిల్ల చలికి పోతుంది.

వయసు పోల్చడం తేలికే. ముక్కు కొసన తెల్లటి చిన్న గింజలాంటిది ఉంటే పుట్టి ఒకటి రెండు రోజులే. గుడ్డు పెంకు పగలగొట్టడానికి వచ్చిన పన్ను అది, త్వరలోనే రాలిపోతుంది. రెక్కల చివర ఈకల మొలకలు మాత్రమే కనిపిస్తే మొదటి వారంలో ఉంది. తోక మొలిచి, భుజాల మీద ఈకలు కమ్ముతుంటే రెండు మూడు వారాలు. తలకి మాత్రం అన్నిటికన్నా ఆఖర్న వస్తాయి.

పెట్టో పుంజో? కాళ్లు పట్టి తలకిందులు చేస్తే తెలుస్తుందని, మొనదేలిన గుడ్డయితే పుంజని చెబుతుంటారు. అవేవీ నిలవవు. జపాన్‌లో 1920ల్లో పిల్ల వెనకభాగాన్ని సున్నితంగా విప్పి, లోపలి పూసంత బుడిపెని చూసి చెప్పే పద్ధతి కనిపెట్టారు. అది ఏళ్లు సాధన చేసినవాళ్ల పని, ఇంట్లో ప్రయత్నిస్తే పిల్ల పేగులు దెబ్బతింటాయి. మనం ఓపిక పట్టాలి. ఐదారు వారాలకి పుంజుపిల్ల జుట్టు లేచి ఎర్రబడుతుంది, పెట్టది చిన్నగా, లేతగా ఉంటుంది. మాది ఆరోవారానికే చెప్పేసింది.

గోరు చప్పుడు

గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్న ఆ ఉదయం గులాబీపిల్ల గంటకి కళ్లు తెరిచింది. అమ్మ ఫోన్లోనే ఉంది. ‘‘ముందు నీళ్లు. చిటికెడు బెల్లం వేసి గోరువెచ్చగా పెట్టు. ముక్కు కొస ఒక్కసారి ముంచి తియ్యి, తల ముంచకు’’ అంది. ముంచాను. తల పైకెత్తి, కళ్లు సగం మూసి, గొంతు కదిలించింది. మళ్లీ తనే వంగి తాగింది. నీళ్ల పళ్లెం లోతు లేకుండా ఉండాలి, అందులో గులకరాళ్లు వేయాలి. అరంగుళం నీళ్లలో కూడా పిల్ల పడి మునుగుతుంది.

తర్వాత నూకలు చల్లితే వాటి మీదే నడుస్తోంది గానీ తినదు. బియ్యం గింజయితే దాని నోటికి పెద్దదే. ‘‘తల్లి ముక్కుతో పొడిచి చూపిస్తుందే. నువ్వు గోరుతో కొట్టు’’ అంది అమ్మ. స్టీలు పళ్లెంలో నూకల మధ్య చూపుడువేలి గోరుతో టకటకమని కొట్టాను. పిల్ల తల పక్కకి తిప్పి ఒంటికంటితో నా గోరుని చూసింది. ఇంకోసారి కొట్టాను. వచ్చి నా గోరు పక్కనే పొడిచింది. ఒక నూక నోట్లోకి పోయింది. మావాడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. ఆ రోజు నుంచి ఆ పని వాడిదే. స్కూలు నుంచి రాగానే పళ్లెం మీద గోరు చప్పుడు, పెట్టెలో పరుగు.

నూకలు మొదటి రోజుకే. ఎదిగే పిల్లకి 20 శాతం పైగా మాంసకృత్తులుండే మేత కావాలి. కోళ్ల దాణా దుకాణాల్లో చిక్ స్టార్టర్ అని అడిగితే ఇస్తారు. మొదటి వారం రోజుకి పది పదిహేను గ్రాములకి మించి తినదు గనక కిలో కొంటే చాలు. గుడ్లు పెట్టే కోళ్ల మేత అంటగడితే తీసుకోవద్దు. పెంకు కోసం అందులో సున్నం ఎక్కువ వేస్తారు, పిల్లల మూత్రపిండాలు పాడవుతాయి. రెండో వారం నుంచి సన్నగా తరిగిన తోటకూర, దానితోపాటు చిటికెడు గరుకు ఇసుక పెట్టాం. కోడికి పళ్లు లేవు కదా, కడుపులో నలగడానికి ఇసుక కావాలి. మా అమ్మమ్మ కాలంలో ఆ మాంసకృత్తుల కోసమే పాతకుండలో పేడ, ఎండుగడ్డి కుక్కి పెరట్లో బోర్లించేవారు. తెల్లారి కుండ ఎత్తితే చెదపురుగులు గుట్టగా ఉండేవి, పిల్లలకోడి తన సంతానంతో వచ్చి పండగ చేసుకునేది.

మూడోరోజు పిల్ల వెనకభాగం రెట్టతో అట్టకట్టి మూసుకుపోయింది. చూడ్డానికి చిన్న విషయం, వదిలేస్తే ప్రాణం పోతుంది. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి నానబెట్టి, లాగకుండా తుడిచి, ఆరేదాకా బల్బు కింద ఉంచాం. రోజూ ఒకసారి చూసుకోవాల్సిన చోటు అది.

మావాడి చెప్పులు ఎటు వెళితే పిల్ల అటు. పుట్టిన తొలిరోజుల్లో కదిలేదేది కనబడితే దాన్నే తల్లిగా మనసులో నిలుపుకోవడం కోడిపిల్లల స్వభావం. జీవశాస్త్రవేత్త డగ్లస్ స్పాల్డింగ్ 1873లోనే కోడిపిల్లల్లో దీన్ని గమనించి రాశాడు. మాకది ముచ్చటే గానీ, గది తలుపు వేస్తే చాలు అరుపు. ఒంటిపిల్లకి అది నరకం. వీలైతే అదే వయసు పిల్లని మరొకదాన్ని తేవాలి. మేం తేలేకపోయాం. పెట్టెలో చిన్న అద్దం, పడుకోవడానికి మెత్తటి గుడ్డ పెట్టాం, సాయంత్రాలు వాడు దగ్గర కూర్చునేవాడు. ముద్దులు పెట్టనివ్వలేదు. పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడిగించాను. ఆరోగ్యంగా కనిపించే కోడిపిల్ల రెట్టలో కూడా మనకి విరేచనాలు తెప్పించే సూక్ష్మజీవులుంటాయి.

కొక్కెర రాకముందే

మన పల్లెల్లో కోళ్లని ఊళ్లకి ఊళ్లు ఊడ్చేసే కొక్కెర రోగం పుస్తకాల్లో పేరు రాణిఖేత్. మనదేశంలో 1920ల చివర కుమావూ కొండల్లోని రాణిఖేత్ ఊరి దగ్గర గుర్తించడంతో ఆ పేరు నిలిచింది. వచ్చాక మందు లేదు, రాకుండా టీకానే దారి. ఐదు నుంచి ఏడు రోజుల మధ్య లసోటా టీకా కంట్లో ఒక చుక్క, రెండోవారంలో గంబోరో అనే మరో రోగానికి టీకా, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద ఆర్‌టూబీ సూది. సీసాలు వంద డోసులు, అంతకన్నా పెద్దవే వస్తాయి. విప్పాక నిలవ ఉండదు. అందుకే ఒక్క పిల్ల కోసం కొనకుండా, పశువుల ఆసుపత్రిలో టీకాలు వేసే రోజు కనుక్కుని తీసుకెళ్లాను. చెప్పులపెట్టెతో వరసలో నిలబడ్డ మావాణ్ని చూసి డాక్టరుగారు ముందుకు పిలిచి చుక్క వేశారు.

మూడు నుంచి ఆరు వారాల మధ్య భయపడాల్సింది రక్తపారుడు. తడి ఊకే దానికి ఇల్లు. రెట్టలో నెత్తురు, రెక్కలు వాల్చి ఒక మూల నిలబడటం కనిపిస్తే ఆ పూటే డాక్టరు దగ్గరికి వెళ్లాలి, రేపటికి ఆగకూడదు. అలాగని ప్రతిదానికీ కంగారు పడనక్కర్లేదు. ఏడెనిమిది రెట్టల్లో ఒకటి ముదురు గోధుమరంగులో బంకగా, వాసనగా రావడం మామూలే. ఇంట్లో మిగిలిన మాత్రలు పొడిచేసి నీళ్లలో కలపడం మాత్రం వద్దు.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారంలో బర్డ్‌ఫ్లూ బయటపడ్డప్పుడు అమ్మ పెరటికోళ్లని గంపల కిందే ఉంచి బయటికి వదల్లేదు. అలాంటి కబురు విన్నప్పుడు కొత్త పిల్లని కొనడం, ఒకచోటి నుంచి ఒకచోటికి మార్చడం ఆపెయ్యాలి. ఎక్కడైనా కోళ్లు వరసగా చస్తుంటే చేత్తో ముట్టకుండా పశువైద్యులకి చెప్పాలి.

కూత

నాలుగో వారానికి మెడ మీద గులాబీ మచ్చలు మాత్రం మిగిలాయి. ఆరో వారానికి మల్లెపువ్వులా తెల్లగా తేలింది. పదకొండో వారంలో ఓ తెల్లవారుజామున బాల్కనీలోంచి తలుపు కిర్రుమన్నట్టు శబ్దమొచ్చింది. వెళ్లి చూస్తే మెడ సాచి, కాలివేళ్ల మీద లేచి మళ్లీ ప్రయత్నిస్తోంది. మావాడి ఆనందం చెప్పలేను. కానీ పై ఫ్లాటులో పసిబిడ్డ ఉంది, పక్కింటి మావయ్యగారికి రాత్రిళ్లు నిద్రపట్టదు. పిల్లని కొనే ముందే అడగాల్సిన ప్రశ్నని మేం మూడు నెలలకి అడిగాం, ఇది పుంజయితే ఎక్కడ ఉంటుంది? మాకు అమ్మ పెరడు ఉంది కాబట్టి సరిపోయింది. లేనివాళ్లు తిరునాళ్లలో గంప దగ్గరే దీని గురించి ఆలోచించుకోవాలి.

వేసవి సెలవుల్లో తీసుకెళ్లాం. ‘‘కోయించవు కదా అమ్మమ్మా?’’ అన్నాడు మావాడు. ‘‘నీ పిల్లని నేనెందుకు కోయిస్తానురా నాన్నా’’ అంది అమ్మ. మూడు వారాలు దాన్ని మిగతా కోళ్లకి దూరంగా, వేరే గంప కింద ఉంచింది. బయటి కోడి తెచ్చే రోగమేమైనా ఉంటే ఈలోపు తెలిసిపోతుంది. ఆ తర్వాత కళ్లెదుట ఉండి కొద్దికొద్దిసేపు కలిపింది.

దసరాకి మళ్లీ వెళ్లాం. పెరట్లో నాటుపెట్టల మధ్య తెల్లటి పుంజు, ఎర్రటి జుట్టు ఒక పక్కకి వాలి ఉంది. గుర్తుపడుతుందో లేదోనని మావాడు దగ్గరికి పోలేదు. వంటింట్లోంచి స్టీలు పళ్లెంలో నూకలు తెచ్చి, అరుగు మీద కూర్చుని గోరుతో టకటకమని కొట్టాడు. పుంజు తలెత్తింది. ఒంటికంటితో చూసింది. పరుగెత్తుకొచ్చింది. పళ్లెంలో పొడిచింది గానీ తినలేదు. ఒక నూకని ముక్కుతో ఎత్తి, వదిలి, మళ్లీ ఎత్తి, గొంతులో కొక్కొక్కొమంటోంది.

‘‘అమ్మమ్మా, తినట్లేదేంటి?’’

‘‘పెట్టల్ని పిలుస్తోందిరా. కాస్త వెనక్కి జరుగు, వస్తాయి’’ అంది అమ్మ.

వాడు అరుగు అంచుకి జరిగాడు. చింతచెట్టు కింద నుంచి ఒకటి, వడ్లబస్తాల వెనక నుంచి రెండు, పెట్టలు వచ్చి పళ్లెం చుట్టూ చేరాయి.